దూరదృష్టి పథకం

ఎర్రమిల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి డాక్టర్ పరాంకుశం గారికి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క మెమో కూడా రాలేదు. అందుకోసం ఆయన పెద్దగా కష్టపడిందీ లేదు. పైనుంచి ఏ కాగితం వచ్చినా రెండుసార్లు చదివి, ఒకసారి నిట్టూర్చి, అందులో చెప్పినట్టు చేసేవారు. రోగులంటే ప్రేమ, ప్రభుత్వమంటే భయం. ఆ రెండూ ఆయన మనసులో పక్కపక్కనే కాపురం ఉంటూ ఏనాడూ తగాదా పడలేదు. దూరదృష్టి పథకం వచ్చాకే వాటికి చెడింది.

పథకం మంచిదే. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా ఒంటి మీద మచ్చ లేస్తే, చర్మవ్యాధుల డాక్టరుకి చూపించుకోవడానికి రెండు బస్సులు మారి నగరానికి వెళ్లి, పెద్దాసుపత్రి వరండాలో చాప పరుచుకుని కూర్చోవాలి. అంత తిప్పలు లేకుండా మచ్చకి ఇక్కడే ఫొటో తీసి పంపితే, నగరంలోని నిపుణుడు చూసి మందు చెప్తాడు. ఇదీ పథకం. పరాంకుశం గారు నిజంగానే సంతోషించారు.

ప్రారంభోత్సవానికి జిల్లా దూరదృష్టి సమన్వయాధికారి చక్రపాణి గారు విచ్చేశారు. ఆయన డాక్టరు కారు. అంతకుముందు ఉద్యానవన శాఖలో బిందుసేద్యం చూసేవారు. మైకు అందుకుని, "చర్మమనేది మానవ దేహానికి ప్రహరీగోడ వంటిది. ఆ ప్రహరీకి ఇంతకాలం సరైన పర్యవేక్షణ కొరవడింది. నేటి నుండి నిపుణుల దృష్టి దూరాభారాలను అధిగమించి లబ్ధిదారుని చర్మంపై నేరుగా ప్రసరించనున్నది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. గుండ్రటి దీపం, ఫోను తగిలించే స్టాండు, ఫోనూ కేంద్రానికి అప్పజెప్పి వెళ్లారు.

మొదట్లో అంతా బాగానే సాగింది. దర్జీ లచ్చన్నకి ఏళ్ల తరబడి మోచేతుల మీద పొలుసులు రాలుతుండేవి. కుట్టిన జాకెట్ల మీద అవి పడుతున్నాయని పెళ్లివారు అతని దగ్గరికి రావడం మానేశారు. నర్సు ఎస్తేరమ్మ ఫొటో తీసి పంపింది. నగరం నుంచి డాక్టర్ కృపాకర్ అనే నిపుణుడు సాయంత్రంలోగా మందు చెప్పాడు. కొద్దివారాల్లో లచ్చన్న చేతులు నున్నబడ్డాయి. పరాంకుశం గారు సొంత ఖర్చుతో లడ్డూలు పంచారు.

అలాగే సాగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఫొటోల సంఖ్యలో ఆ జిల్లాకి రాష్ట్రంలో చిట్టచివరి స్థానం వచ్చింది. చక్రపాణి గారు వైద్యులందరినీ వీడియో సమావేశానికి పిలిచారు.

"పరాంకుశం గారూ, మీ పరిధిలోని జనాభాకి చర్మం ఉందా, లేదా?"

"ఉందండి."

"అందరికీ ఉందా?"

"నాకు తెలిసినంతలో అందరికీ ఉందండి."

"మరి ఫొటోలేవీ?"

మర్నాటి నుంచి ఆరోగ్య కేంద్రానికి ఎవరొచ్చినా ముందు ఫొటోయే. దగ్గుకి వచ్చినవాడికి మెడ ఫొటో, కడుపునొప్పికి వచ్చినవాడికి పొట్ట ఫొటో. కళ్లజోడు కోసం వచ్చిన రిటైర్డు పంతులుగారిక్కూడా చెవి వెనక ఫొటో తీశారు. గడప తొక్కిన ప్రతివాడూ చొక్కా గుండీలు విప్పుకుంటూనే లోపలికొచ్చేవాడు.

ఆ తొందరలో ఎస్తేరమ్మ వేలు తగలరాని చోట తగిలి, తూర్పువైపు గోడ మీది చెమ్మ మరక ఫొటో నగరానికి వెళ్లిపోయింది. సాయంత్రానికి జవాబొచ్చింది. 'దీర్ఘకాలిక చర్మశోథ. లేపనం రోజుకు రెండుసార్లు. గోకరాదు.'

పరాంకుశం గారు కంగారుగా చక్రపాణి గారికి ఫోను చేశారు. "అది మా గోడండీ. వానకి నెమ్మెక్కింది."

"నిపుణుల నిర్ధారణను ప్రశ్నించే అధికారం క్షేత్రస్థాయి సిబ్బందికి లేదు. కేసు నమోదైంది. చికిత్స పూర్తయితే తప్ప మూసే వెసులుబాటు వ్యవస్థలో లేదు" అన్నారు చక్రపాణి గారు.

ఎస్తేరమ్మ పొద్దునా సాయంత్రం గోడకి లేపనం రాసింది. గోకరాదన్నారు కాబట్టి, వెల్ల వేద్దామని వచ్చిన మేస్త్రీని కూడా వెనక్కి పంపేశారు. ఈలోగా వానలు తగ్గాయి, గోడ ఆరింది. మళ్లీ ఫొటో పంపితే 'గణనీయమైన మెరుగుదల' అని జవాబొచ్చింది. ఆ నెల జిల్లా విజయగాథల పుస్తకంలో 'శ్రీమతి తూర్పుగోడ, ఎర్రమిల్లి' అనే లబ్ధిదారు చోటు సంపాదించుకుంది.

ఆ ఉత్సాహంలో జరిగిన సమీక్షా సమావేశంలో పరాంకుశం గారు ఒక పొరపాటు చేశారు. "ఒకటి రెండు కేసుల్లో నేను చూసినప్పుడు వేరే జబ్బులా అనిపించిందండీ" అన్నారు, ఎంతో వినయంగానే. వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

'నిపుణుని వీక్షణకు పూర్వము గానీ, తదుపరి గానీ, స్థానిక వైద్యుడు చర్మమును చూచినచో అతనికి అభిప్రాయము ఏర్పడు ప్రమాదము కలదు. అభిప్రాయము ఏర్పడుట వలన అభిప్రాయభేదము ఏర్పడును. కావున వీక్షణలో నిష్పాక్షికత నిమిత్తము స్థానిక వైద్యుడు చర్మమును చూడరాదు.'

సర్క్యులర్‌తో పాటు ఆకుపచ్చ తెర కూడా వచ్చింది. ఇవతల డాక్టరు, అవతల రోగి. ఎస్తేరమ్మ అటు ఫొటో తీసి, ఇటొచ్చి ఆయన చెప్పింది రాసుకునేది. జ్వరం రోగుల మాటేమిటి, వాళ్లకీ పైన చర్మమే ఉంటుంది కదా అని పరాంకుశం గారు వివరణ కోరారు. అదీ వచ్చింది. 'ముఖము, కాళ్లు, చేతులు, వీపు, పొట్ట మరియు ఇతర వెలుపలి భాగములన్నియు చర్మముగా పరిగణింపబడును. నాలుక, కన్ను, పన్ను మినహాయింపు.'

అలా తెరకి ఒక చిన్న కంత చేయించారు. రోగులు వరసగా వచ్చి అందులోంచి నాలుక చాపేవారు. పరాంకుశం గారు దానికేసి దీక్షగా చూసేవారు. ఎవరి నాలుక ఎవరిదో పోల్చుకునేంత ప్రావీణ్యం కొద్దిరోజుల్లోనే ఆయనకి పట్టుబడింది.

"డాకటేరుబాబు మన మీద అలిగినారేటి?" అని ఒక ముసలమ్మ ఎస్తేరమ్మని గుసగుసగా అడిగింది.

"అలగలేదే తల్లీ. పైనుంచి ఆర్డరు" అంది ఎస్తేరమ్మ.

"పైనున్నోడికి మన మొకాలు సూడడం అంత కష్టంగా ఉందేటి?" అని ముసలమ్మ ఆకాశంకేసి చూసింది. ఆమె దేవుడి ఆర్డరనుకుంది.

పరాంకుశం గారు ఆ మాట విని నవ్వబోయి, మానుకున్నారు.

పోలమ్మ ఆ రోజుల్లోనే వచ్చింది. ఊరి చివర జీడిపిక్కల బట్టీలో పని చేసే మనిషి. కాల్చిన పిక్కల్ని చెక్క సుత్తితో కొట్టి పప్పు తీయాలి. పెంకులోంచి చిమ్మే సొన పడితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. అక్కడి ఆడవాళ్లందరూ చేతులకి బూడిద రాసుకుని, అయినా అబ్బా అబ్బా అనుకుంటూనే పని చేస్తారు. పోలమ్మ ముంజేతి మీద ఒక పాలిపోయిన మచ్చ లేచిందని వచ్చింది. ఎస్తేరమ్మ ఫొటో పంపింది. 'తామర. లేపనం వాడవలెను' అని వచ్చింది. రాసుకుంది. తగ్గలేదు. మళ్లీ వస్తే మళ్లీ ఫొటో. 'తామర. లేపనం కొనసాగించవలెను.'

మూడోసారి వచ్చేసరికి మచ్చ పెద్దదైంది. పరాంకుశం గారికి అదేమీ తెలియదు. ఆయనకి తెలిసిందల్లా కంతలోంచి కనిపించిన నాలుకే. అది ఆరోగ్యంగానే ఉంది.

తెరవతల ఎస్తేరమ్మ గొంతు వినబడింది. "ఓలమ్మ! ఈ వేళ్లేటి పోలమ్మా ఇలా కాలిపోనాయి? మంటెట్టడం లేదా?"

"నేదమ్మా" అంది పోలమ్మ, కొంచెం గొప్పగానే. "అందరూ ఏడుస్తారు గానీ నా సెయ్యి బంగారం. సొన పడినా ఎరగదు, నిప్పు తగిలినా ఎరగదు. మా బట్టీ మేస్త్రి నన్ను సూపించి మిగతావోల్లని తిడతాడు, పోలమ్మని సూసి నేర్సుకోండర్రా అనీసి."

పరాంకుశం గారి చేతిలో కలం ఆగిపోయింది.

ఆయన సర్క్యులర్ తీసి మూడోసారి చదివారు. ఏ కాగితాన్నీ మూడోసారి చదవడం ఆయన జీవితంలో అదే మొదలు. 'చూడరాదు' అనుంది. 'తాకరాదు' అని ఎక్కడా లేదు. అలా చూస్తే ఆ సర్క్యులర్ రాసినవాళ్లకి డాక్టర్లు మనుషుల్ని తాకుతారన్న సంగతే తట్టినట్టు లేదు.

"పోలమ్మా, ఆ చెయ్యి ఈ కంతలోంచి ఇటు పెట్టు" అన్నారాయన, కళ్లు గట్టిగా మూసుకుని. భయం ఇంకా పూర్తిగా వదలలేదు మరి.

కంత సాగి, మోచెయ్యి దాటేదాకా చెయ్యి వచ్చింది. తడుముకుంటూ మోచేతి పైన, బాగున్న చోట దూదిపింజ తగిలించారు. "తెలిసిందా?"

"తెలిసింది బాబూ. సక్కిలిగింతలు."

ముంజేతి మీదికి, ఎస్తేరమ్మ ఇటొచ్చి ఆయన చెయ్యి పట్టి చూపించిన మచ్చ మీదికి దూదిని తెచ్చారు. "ఇప్పుడు?"

"ఇప్పుడేటి?"

"ఏమైనా తగిలిందా?"

"ఎప్పుడు బాబూ?"

కలం మొన ఆనించారు. కాస్త నొక్కారు.

"ఇంకా మొదలెట్టనేదా బాబూ?" అంది పోలమ్మ అమాయకంగా.

మోచేతి ఎముక వెనక వేళ్లతో వెతికారు. నరం నులకతాడులా లావెక్కి చేతికి తగిలింది. ఏళ్ల కిందట చదువుకున్నదీ, చేతులారా చూసిందీ ఒక్కసారిగా ఆ వేళ్లలోకి వచ్చేశాయి. పరాంకుశం గారు కళ్లు తెరిచారు. తెర పట్టుకుని ఒక్క లాగు లాగారు. కొక్కేలన్నీ టపటపా ఊడి పడ్డాయి.

తెరవతల స్టూలు మీద కూర్చున్న పోలమ్మ ఆయన్ని చూసి మొహమంతా నవ్వేసింది. "ఓలబ్బో, సిక్కిపోనారు బాబూ!"

ఆయన ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. కాలి నల్లబడిన వేళ్లు, కణుపుల దగ్గర పుండ్లు. ఇంత ఊరు ఎదురుగా ఉండగా, ఇన్ని వారాలు తాను నాలుకలు లెక్కపెడుతూ కూర్చున్నానని అనుకునేసరికి ఆయనకి సిగ్గేసింది.

"పోలమ్మా, ఇది తామర కాదు. చెప్తాను, భయపడకు. దీన్ని మీరు పెద్దరోగం అంటారు."

పోలమ్మ నవ్వు ఆరిపోయింది. "ఇల్లు ఒదిలీమంటారా బాబూ?"

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. మాత్రలుంటాయి, ఉచితం. మానకుండా వేసుకుంటే పూర్తిగా పోతుంది. మొదటి విడత పడిందంటే నీ వల్ల ఇంకొకరికి అంటుకునే భయం కూడా ఉండదు. ఆలస్యం చేస్తేనే వేళ్లు పోతాయి."

"మరి మాత్రలు ఇచ్చీండి" అంది పోలమ్మ.

అక్కడే చిక్కొచ్చింది. ఆ మాత్రలు జిల్లా నుంచి రావాలి. జిల్లా పంపాలంటే నమోదులో జబ్బు పేరు మారాలి. పేరు మార్చాల్సింది నిపుణుడే, ఆయన్ని అడగాలంటే కొత్త ఫొటో పెట్టడం ఒక్కటే దారి. మూడో ఫొటో పెట్టారు. 'తామర' అనే వచ్చింది. 'స్పర్శ లేదు' అని పక్కన రాయబోతే, 'ఈ పదం ఆమోదిత పదజాలంలో లేదు' అని ఫోను తిప్పికొట్టింది.

అప్పుడు పరాంకుశం గారు తెల్లకాగితం తీసుకుని, సొంత దస్తూరీతో జిల్లాకి ఉత్తరం రాశారు. 'నేను రోగిని స్వయంగా చూచి, తాకి, కుష్టువ్యాధిగా నిర్ధారించితిని. మందులు వెంటనే పంపగోరెదను.' కింద పూర్తి సంతకం చేశారు.

మందులు రాలేదు. విచారణ వచ్చింది.

చక్రపాణి గారు జీపు దిగారు. వెనకే సాక్ష్యం కోసం పట్టుకొచ్చిన డాక్టర్ కృపాకర్ దిగాడు. పాపం కుర్రవాడు. పగలంతా చర్మాలు చూసి చూసి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎస్తేరమ్మ పోలమ్మని పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"లబ్ధిదారుని చర్మమును మీరు చూచినట్లు అభియోగం" అన్నారు చక్రపాణి గారు.

"చూశానండి."

"పొరపాటునా, ఉద్దేశపూర్వకంగానా?"

"కావాలనే చూశాను."

"ఎంతసేపు?"

"కావలసినంతసేపు."

చక్రపాణి గారు 'పశ్చాత్తాపం కనబడలేదు' అని రాసుకున్నారు. తర్వాత, "నిపుణులు మనతోనే ఉన్నారు. డాక్టర్ గారూ, పక్కగదిలోకి వెళ్లి ఫొటో మరొకసారి వీక్షించి అభిప్రాయం సెలవియ్యండి" అన్నారు.

"ఆమె ఇక్కడే ఉంది కదా సార్" అన్నాడు కృపాకర్.

"ఉండవచ్చు. కానీ నిబంధనల మేరకు నిపుణునికీ లబ్ధిదారునికీ మధ్య నలభై కిలోమీటర్లకు తగ్గని దూరం ఉండాలి. అది దూరదృష్టి పథకం. దూరం లేనిచో దృష్టి చెల్లదు. ఆ లెక్కన ఈ ఆవరణలో ఉన్నంతసేపూ మీరు నిపుణులు కారు. ఫొటో ద్వారా అయితే మినహాయింపు ఇవ్వగలను."

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. "నిపుణులు కాకపోతే ఆయన ఇప్పుడెవరండీ?"

చక్రపాణి గారు ఆలోచించారు. "సాంకేతికంగా... దారిన పోయే వ్యక్తి."

"దారిన పోయే మనిషి ఒకావిడ చెయ్యి చూడకూడదని సర్క్యులర్‌లో ఉందా?"

చక్రపాణి గారు సర్క్యులర్ ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పారు. లేదు. ఆయన అలా తిప్పుతుండగానే కృపాకర్ వెళ్లి పోలమ్మ పక్కన కూర్చుని, "చెయ్యి ఇలా ఇవ్వమ్మా" అన్నాడు. పరాంకుశం గారు దూదిపింజ అందించారు. అతను తగిలించాడు. మోచేతి వెనక వేళ్లు పెట్టాడు. తాడులాంటి ఆ నరాన్ని మళ్లీ మళ్లీ తడిమాడు.

"మూడుసార్లు తామర అని రాశాను" అన్నాడు చివరికి, ఎవరితో అన్నాడో తెలియకుండా.

పోలమ్మకి జాలేసింది. "నువ్వేటి సేస్తావు బాబూ. నువ్వు నన్ను సూడనేదు కదా. దాని బొమ్మ సూసినావు."

కృపాకర్ లేచి, "సార్, నన్ను వెంటనే నలభై కిలోమీటర్ల అవతల దింపండి. జబ్బు పేరు మార్చాలి" అన్నాడు. చక్రపాణి గారికి అది నిబంధనలకి అనుగుణంగానే తోచింది. జీపు వెళ్లింది. పొలిమేర దాటి, లెక్క సరిపోయిన చోట జీపు ఆపించి, రోడ్డు పక్కన నిలబడి కృపాకర్ నమోదు మార్చాడట. ఆ వారంలోనే మాత్రలొచ్చాయి.

పోలమ్మ మొదటి విడత ఎస్తేరమ్మ ఎదురుగానే మింగింది. బట్టీలో ఆమెని పొయ్యి దగ్గర్నుంచి మార్చి పప్పు ఏరే పనిలో పెట్టమని మేస్త్రికి పరాంకుశం గారే వెళ్లి చెప్పి వచ్చారు. పుండ్లు మానాయి. వేళ్లన్నీ మిగిలాయి.

పైవాళ్లు కూడా ఊరుకోలేదు. ఎర్రమిల్లి అనుభవాన్ని లోతుగా అధ్యయనం చేసి, వైద్యుడు రోగిని దగ్గరగా చూడడమనే వినూత్న ప్రక్రియను కనిపెట్టారు. దానికి 'సమీపదృష్టి' అని పేరు పెట్టారు. చక్రపాణి గారు దానికీ సమన్వయాధికారి అయ్యారు. పరాంకుశం గారికి జీవితంలో మొదటి మెమో వచ్చింది, మంజూరు కాకముందే ఆ ప్రక్రియని అమలు చేసినందుకు.

సమీపదృష్టికీ నిబంధనలున్నాయి. వైద్యుడు నిజంగా చూస్తున్నాడని రుజువు కావాలి. కాబట్టి రోగి చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ ఫొటో తీసి పంపాలి. ఆ ఫొటోలోని ముఖాన్ని ఫోను గుర్తుపట్టాలి. గుర్తుపట్టాలంటే వైద్యుడు సూటిగా ఫోనుకేసి చూడాలి. అందువల్ల జిల్లా అంతటా డాక్టర్లు రోగుల చేతులు పట్టుకుని, ఫోనుకేసి చూడసాగారు.

కొన్ని నెలలకి పోలమ్మ మరో విడత మాత్రలకి వచ్చినప్పుడు పరాంకుశం గారు ఆమె చెయ్యి అందుకున్నారు.

"ఇటు సూడండి సార్" అంది ఎస్తేరమ్మ ఫోను పట్టుకుని.

"బాబూ, ఈ యేలు సూడండి" అంది పోలమ్మ. "నిన్న దీనికి ముల్లు గుచ్చుకుంది. నొప్పెట్టింది బాబూ! ఎంత నొప్పెట్టిందో!" చెప్తుంటే ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

పరాంకుశం గారు ఫోనుకేసి చూడలేదు. ఆ వేలినే తిప్పి తిప్పి చూశారు. ముల్లు గుచ్చుకున్న చోట మెల్లగా నొక్కారు. పోలమ్మ "అబ్బా" అంది. ఆయన నవ్వారు. మళ్లీ నొక్కారు. మళ్లీ "అబ్బా" అంది. ఇద్దరూ నవ్వారు.

ఫొటో చెల్లలేదు. ముఖం గుర్తించబడనందున ఆ రోజు ఎర్రమిల్లిలో డాక్టరు గారు విధులకి హాజరు కానట్టు నమోదైంది.